ఎక్కడిది మాస్టారూ ఈ మాట

పేపర్లు దిద్దే హాల్లోకి ఆ సోమవారం పొద్దున మాటల మాస్టారు ఒక ఎర్ర పెన్నుతోనూ ఒక చిన్న అబద్ధంతోనూ అడుగుపెట్టాడు. పెన్ను జేబులో ఉంచుకున్నాడు. అబద్ధం మీద సంతకం పెట్టి గుమ్మం దగ్గర గుమాస్తాకి ఇచ్చేశాడు. "నేను ఏ శిక్షణ కేంద్రంలోనూ పాఠాలు చెప్పడం లేదు" అని అచ్చువేసి ఉన్న హామీ పత్రం అది. పగలు బడిలో పాఠాలు చెబుతాడన్న మాట నిజమే. సాయంత్రాలు మాత్రం బావమరిది సెంటర్లో పరీక్షలకెళ్లేవాళ్లకి కష్టమైన మాటలు నేర్పుతాడు. బోర్డు మీద పేరు బావమరిదిది, లోపల నోరు బావగారిది. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు, ఒక్క హామీ పత్రానికి తప్ప.

గుమాస్తా మాస్టారి ఫోను తీసుకుని గుడ్డసంచిలో వేసి, నలభై ఒకటని రాసిన చీటీ చేతిలో పెట్టాడు.

"శుక్రవారం దాకా మీరు నలభై ఒకటే మాస్టారూ. పేరుతో పనిలేదు."

"నయమే నాయనా. ఇంట్లో సున్నాని," అన్నాడు మాస్టారు.

గుమాస్తా నవ్వలేదు. మాస్టారికి అది కొంచెం గుచ్చుకుంది. చమత్కారం విసిరాక ఎవరూ నవ్వకపోతే, మెట్టు ఉందనుకుని గాల్లో కాలు పెట్టినట్టుంటుంది ఆయనకి.

హాలు కిటికీలన్నిటికీ గోధుమరంగు కాగితాలు అంటించారు. ఆ కాగితాల్లోంచి వడకట్టుకుని వచ్చే వెలుతురులో అందరి మొహాలూ జ్వరం నుంచి లేచిన మొహాల్లా ఉన్నాయి. పొడుగు బల్లలు. బల్లకి ఇద్దరు. దిద్దేవాడికి ఎర్ర పెన్ను, ఎదురుగా కూర్చుని సరిచూసేవాడికి ఆకుపచ్చ పెన్ను. పాతిక పేపర్లకో కట్ట, కట్టకో దారం. దారం ముడి విప్పుకోవాలి తప్ప తెంపకూడదు. అది సర్కారు గుమాస్తా ఉద్యోగాల పరీక్ష. మాటలకి ముప్ఫై మార్కులు, చదివి అర్థం చేసుకోవడానికి ముప్ఫై, వ్యాసానికి నలభై. అరవై వస్తే ఉద్యోగం, యాభై తొమ్మిది వస్తే ఉద్వేగం.

మాస్టారి ఎదుట కూర్చున్నది ఒక రిటైరైన లెక్కల గుమాస్తా. మాస్టారు ఆయనకి మనసులో ఆకుపచ్చాయన అని పేరు పెట్టుకున్నాడు. కనిపించిన మనిషికల్లా పేరు పెట్టడం మాస్టారికి అలవాటు. క్లాసులో సగం నవ్వులు ఆ పేర్లమీదే నడిచేవి.

మొదటి కట్ట విప్పాడు. మొదటి పేపరు తిప్పాడు. పదహారు ప్రశ్నల దాకా ఎర్ర పెన్ను చకచకా నడిచింది. పదిహేడో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఆగినచోట సిరా చిన్న చుక్కగా ఊరింది.

"ప్రతూళిక" అంటే ఏమిటి? అ) చిత్రకారుడి కుంచె. ఆ) వాడిన పూలదండ. ఇ) చెప్పవలసిన వేళ దాటిపోయాక చెప్పిన నిజం. ఈ) రాజముద్ర.

జవాబుల కీ కాగితంలో పదిహేడుకెదురుగా "ఇ" అని ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో "ఆధారం: మూడు పదకోశాలు" అని, మూడు బజారు గైడ్ల పేర్లు.

ఆ మాటకి అమ్మా లేదు, అబ్బా లేదు. దాన్ని రెండేళ్ల కిందట మాటల మాస్టారే పుట్టించాడు.

ఎదురువీధి సెంటరువాళ్లు ఆయన తయారుచేసిన వెయ్యి మాటల జాబితాని అచ్చుతప్పులతో సహా కాపీ కొట్టేవారు. దొంగకి గుర్తుపెట్టాలని మాస్టారు ఆరువందల పన్నెండో నంబరు దగ్గర ఒక దొంగమాట నాటాడు. ఎంత పెద్ద నిఘంటువు తిరగేసినా దొరకని మాట కావాలి, చూడ్డానికి మాత్రం పెద్దింటి బిడ్డలా ఉండాలి. "పెళ్లయ్యాక పెళ్లికొడుక్కి గురకుందని చెప్పడం ప్రతూళిక" అని ఉదాహరణ కూడా జోడించాడు. నెల తిరక్కుండా ఎదురువీధి జాబితాలో గురకతో సహా తేలింది. బావా బావమరుదులిద్దరూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుకున్నారు. అప్పటికే రెండు వేల కాపీలు అచ్చయి ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క మాటా తీసెయ్యడం ఎందుకులే అనుకున్నారు. మళ్లీ అచ్చువేసినప్పుడు మర్చిపోయారు. ఆ జాబితాల్లోంచే బజారు గైడ్లు ఎత్తుకున్నాయన్నమాట.

"ఏమైంది?" అన్నాడు ఆకుపచ్చాయన.

"పెన్ను పొడిబారింది," అన్నాడు మాస్టారు, సిరాచుక్క మీద వేలు పెట్టి.

ఆ రోజు డెబ్భై అయిదు పేపర్లు దిద్దాడు. యాభై ఎనిమిది మంది "ఇ" దగ్గర గుర్తు పెట్టారు. తొమ్మిది మంది వ్యాసంలో కూడా ఆ మాట వాడారు. ఒకడైతే తల్లి మరణం గురించి రాస్తూ, "డాక్టరుగారి మాట ప్రతూళిక అయినది" అని రాశాడు. మాస్టారు ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. నవ్వు రాలేదు. పద సంపదకి పదికి ఏడు వేశాడు.

మంగళవారం మధ్యాహ్నం మూడో కట్టలో పంతొమ్మిదో పేపరు అట్టమీద నీలం ముద్ర ఉంది: "చివరి అవకాశం." వయసు దాటుతున్నవాళ్ల పేపర్లకి ఆ ముద్ర వేస్తారు. లోపల గుండ్రటి, కాస్త వెనక్కి వాలిన రాత. పదిహేడో ప్రశ్నకి ఏ గుర్తూ లేదు. పక్కన ఖాళీ జాగాలో ఇలా ఉంది:

"ఈ మాట ఎక్కడా దొరకలేదు. ఎవరూ వాడగా వినలేదు. అడిగితే నవ్వారు. తెలియనిదానికి గుర్తు పెట్టలేను."

ఆ రాత ఎవరిదో మాస్టారికి తెలిసిపోయింది.

ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీచేసే మనిషి ఆమె. సాయంత్రం క్లాసులో చివరి బెంచీ. వేళ్ల చివర్లు కాలి నున్నగా మెరిసేవి. కొత్త మాట చెప్పినప్పుడల్లా లేచి, "ఎక్కడిది మాస్టారూ ఈ మాట? ఎవరన్నారండీ దీన్ని?" అనేది. ఆరువందల పన్నెండు వచ్చిన రోజూ అలాగే అడిగింది.

"మాట ఎక్కణ్ణించి వచ్చిందని కాదమ్మా, మార్కు ఎక్కడికి వస్తుందని చూసుకో," అన్నాడు మాస్టారు. క్లాసు నవ్వింది.

మర్నాడు మళ్లీ లేచింది. "మూడు నిఘంటువులు చూశానండీ. లేదు."

"పిల్లలంతా రెండో ఎక్కం, మూడో ఎక్కం నేర్చుకుంటే ఈవిడ ఎక్కడెక్కం నేర్చుకుందర్రా," అన్నాడాయన. "ఇవాళ్టినుంచి నీ పేరు ఎక్కడమ్మ." ఈసారి బెంచీలు చరిచి మరీ నవ్వారు. ఆమె నోటుపుస్తకం మూసి, నిదానంగా కూర్చుంది. మూడోరోజు రాలేదు.

మాస్టారు వ్యాసం తిప్పాడు. "నాకు తెలిసిన పని" అన్నది అంశం. రెండు పేజీలే.

"తడి దుప్పటి మీద ఇస్త్రీ పెట్టె పెడితే ఏడుస్తుంది. ఎండి పెళుసైనదాని మీద పెడితే మాట వినదు. ముడత అలాగే ఉండి మనమీదే నవ్వుతుంది. కొంచెం చెమ్మ ఉండగానే పట్టాలి. ఆ చెమ్మ ఎంతసేపుంటుందో చెయ్యి చెబుతుంది, గడియారం చెప్పదు. ఆ దుప్పటి మీద ఎవరు పడుకుంటారో నాకు తెలియదు. వాళ్ల వీపుకి ముడత తగలకూడదని మాత్రం తెలుసు."

ఇరవై ఏళ్లుగా మాస్టారు వ్యాసాలు దిద్దుతున్నాడు. ఎర్ర పెన్ను కింద పెట్టి చదివింది ఇదొక్కటే.

మళ్లీ పెన్ను తీసి కూడాడు. మాటలకి పద్నాలుగు. చదివి అర్థం చేసుకున్నదానికి ఇరవై రెండు. వ్యాసంలో విషయానికి ఇరవై ఒకటి. రెండు పేజీలకి అంతకు మించి వెయ్యకూడదని నియమం. ఇక పద సంపద: జాబితాలోని గొప్ప మాట ఒక్కోదానికి ఒక్కో మార్కు, పదికి. ఆమె వ్యాసంలో అలాంటివి రెండున్నాయి. మొత్తం యాభై తొమ్మిది.

రెండుని మూడు చేశాడు. పేపరు ఎదురుగా జరిపాడు.

ఆకుపచ్చాయన వేలు పెట్టుకుని లెక్కపెట్టాడు. "రెండే ఉన్నాయే. మూడోదేది?"

"'చెమ్మ'. ఎంత బాగా పడిందో చూడండి."

"చెమ్మ జాబితాలో లేదండీ."

"భాషలో ఉందిగా."

"మనం దిద్దేది భాషని కాదు మాస్టారూ, పేపర్లని." ఆకుపచ్చ పెన్నుతో మూడు కొట్టేసి రెండు వేశాడు. పక్కన పొట్టి సంతకం. తర్వాత పదిహేడో ప్రశ్న పక్కన ఆమె రాసింది చూసి, "పాపం, ప్రతూళిక తెలియదీ మనిషికి. మా మనవరాలికి కూడా వచ్చు," అన్నాడు.

హాలు గోడమీద ఒక నోటీసు వేలాడుతోంది. కీ మీద అభ్యంతరాలుంటే ఆధారంతో సహా గురువారం సాయంత్రం అయిదులోపు ప్రధాన పరీక్షకురాలికి రాసివ్వాలి. ప్రశ్న రద్దయితే ఆ మార్కు అందరికీ కలుస్తుంది. అయిదు తర్వాత కీ మీద లక్క ముద్ర పడుతుంది. మాస్టారు టీకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆ నోటీసు చదివాడు.

బుధవారం వేరే బల్ల దగ్గర ఒక కుర్ర లెక్చరరు ఆ పనే చేశాడు. ఆ మాట తన నిఘంటువులో లేదని రాసిచ్చాడు. అరగంటలో కాగితం వెనక్కొచ్చింది. మూడు పుస్తకాల్లో ఉంది, తోసిపుచ్చడమైనది. లెక్చరరు భుజాలెగరేసి కూర్చున్నాడు. లేదని చెప్పడం ఎవరికైనా చేతవుతుంది. ఎందుకు లేదో చెప్పగలిగినవాడు ఆ హాల్లో ఒక్కడే.

సాయంత్రం సెంటరు మెట్లెక్కుతుంటే గోడమీద తడి జిగురు వాసన. తలుపంత పోస్టరు: "పదిహేడో ప్రశ్న మా జాబితాలోదే." ప్రతూళిక అన్న మాట ఎర్రగా, అరచెయ్యంత అక్షరాలతో. బావమరిది నిచ్చెన దిగుతూ కనిపించాడు.

"బావా, చూశావా మన పిల్ల ఎంత ఎత్తుకెదిగిందో?"

"ఆ పోస్టరు తీసెయ్."

"ఎందుకు? రంగు నచ్చలేదా?"

"ఒకామెకి ఒక్క మార్కు తగ్గింది. ఆ మాట లేదని రాసింది. అది లేదని మనిద్దరికీ తెలుసు కదరా. నేను చెప్పేస్తాను."

బావమరిది చేతికంటిన జిగురుని వేలుతో చుట్టలు చుట్టాడు. "చెప్పు. తర్వాత? కోచింగులో చెప్పడం లేదని సంతకం పెట్టినవాడివి. ముందు నీ సంతకం పోతుంది, తర్వాత బడి పోతుంది. సెంటరు సంగతి వదిలెయ్, అది నాది. అక్కయ్యకి ఏం చెబుతావు? అర్థం చెప్పబోతే అనర్థం అయిందని చమత్కారం ఆడతావా?"

మాస్టారు నోరు తెరిచాడు. సరిగ్గా ఆ చమత్కారమే నాలుక చివర ఉంది.

"ఒక్క మనిషి బావా," అన్నాడు బావమరిది మెల్లగా. "ఏటా ఎంతమంది తప్పడం లేదు?"

లోపల క్లాసు నిండి ఉంది. ఆయన వెళ్లగానే అరవై గొంతులు ఒక్కసారి, ఎవరో నేర్పినట్టు, "ప్రతూళిక" అన్నాయి. అని నవ్వాయి. మాస్టారు సుద్దముక్క తీసుకుని బోర్డువైపు తిరిగాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. పిల్లలు దాన్ని కూడా హాస్యమే అనుకున్నారు.

గురువారం పొద్దున పేపరు సంపాదకీయంలో ఆ మాట కనబడింది. మంత్రిగారి ప్రకటన ఉత్త ప్రతూళిక అని రాశారు. మాస్టారు పేపరు మడిచి కింద పెట్టాడు. వంటింట్లోంచి భార్య కేక.

"స్టవ్వు వెలగడం లేదు. సిలిండరు అయిపోవచ్చిందని నిన్ననే తెలుసుగా మీకు? ఇందాకనా చెప్పడం? దీన్నేదో అంటారటగా, పక్కింటావిడ అంది. తూళికో, పీలికో."

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. మాటల మాస్టారి పెళ్లాన్నయి ఉండి నాకే ఆలస్యంగా తెలిసింది."

ఆ ఇంట్లో ఎప్పుడూ మొదటి నవ్వు ఆయనదే. ఇవాళ ఆవిడ ఆగి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి ఆయన మొహంలోకి చూసింది. "ఒంట్లో బాగా లేదా ఏమిటి?"

"బాగానే ఉంది," అన్నాడాయన. చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకుని బయల్దేరాడు.

హాల్లో సాయంత్రం నాలుగున్నరకి తెల్లకాగితం తీసుకున్నాడు. "పదిహేడో ప్రశ్న గురించి" అని రాశాడు. కింద "ఆధారం" అని రాసి, రెండు చుక్కలు పెట్టి ఆగాడు. వెయ్యి మాటలు తెలిసిన మనిషికి అక్కడ కావలసినవి రెండే మాటలు: "నేను పుట్టించాను." ఆ రెండూ రాయడానికి చెయ్యి రాలేదు. ఎదురుగా ఆకుపచ్చాయన కట్ట ముడి వేస్తూ కళ్లజోడు పైనుంచి చూస్తున్నాడు.

"ఉత్తరమా?"

"వ్యాసం," అన్నాడు మాస్టారు.

"ఉపోద్ఘాతం దగ్గరే ఆగిపోయినట్టుంది."

పావుతక్కువ అయిదుకి ప్రధాన పరీక్షకురాలు తన గది తలుపు తెరిచి బయటికి చూసింది. అందరూ పెద్దమేడం అంటారు ఆవిడని. చేతిలో ఏమీ లేదు. ఎవరైనా వస్తారేమోనని చూసినట్టుంది. మాస్టారు తలవంచి, పక్కనున్న పేపరు మీద అక్కర్లేని చోట ఒక గీత గీశాడు. తలుపు మూసుకుంది. అయిదుకి గంట కొట్టారు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. గేటు బయట గాలి తగలగానే ఒళ్లంతా తేలికైనట్టనిపించింది. ఆ తేలికదనమే ఆయన్ని భయపెట్టింది.

శుక్రవారం పొద్దున గుమ్మం తెరవకముందే వచ్చి నిలబడ్డాడు. పెద్దమేడం గదిలో లక్క వాసన ఇంకా పోలేదు. ఆవిడ కట్టల చీటీలు సరిచూసుకుంటోంది. మాస్టారు కూర్చోలేదు. జేబులోంచి మడతల కాగితం తీసి, బల్లమీద పరిచి, "ఆధారం" ఎదురుగా ఆ రెండు మాటలూ ఆవిడ కళ్లముందే రాశాడు. జాబితా, ఆరువందల పన్నెండు, ఎదురువీధి, హామీ పత్రం, నీలం ముద్ర పేపరు, అన్నీ చెప్పాడు. ఎక్కడా చమత్కారం దొర్లలేదు. అందుకే కాబోలు, చెప్పడానికి అయిదు నిమిషాలే పట్టింది.

ఆవిడ చివరిదాకా విని కళ్లజోడు తీసింది.

"నమ్ముతున్నాను," అంది.

మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు.

"మొదట్నించీ ఆ మాట నాకూ ఎక్కడో గీసుకుంటూనే ఉంది. మూడు పుస్తకాల్లో ఉందన్నారని ఊరుకున్నాను. నిన్న ఈ కాగితం వచ్చి ఉంటే అయిదు నిమిషాల్లో ప్రశ్న రద్దుచేసేదాన్ని." గోడవైపు చూపించింది. అక్కడ కీ ఉండే చోట ఖాళీ మేకు ఉంది. "రాత్రి బండిలో వెళ్లిపోయింది. ముద్రవేసిన కీని మార్చడానికి నాకు గానీ, నా పైవాళ్లకి గానీ అధికారం లేదు. ఏడాదేడాదికీ ఎవరో ఒకరు ఇలా మర్నాడు వస్తారు. దీనికేదో మాట ఉండాలి."

ఆ మాట ఏమిటో ఆవిడకి తట్టలేదు. మాస్టారు చెప్పలేదు.

"ఆవిడకి చివరి అవకాశమండీ," అన్నాడు.

"మీకూ అంతే. ఎర్ర పెన్ను ఇక్కడ పెట్టండి. చీటీ ఇచ్చి ఫోను తీసుకోండి. బడికి ఉత్తరం వస్తుంది."

శనివారం పదకొండింటికి ఆసుపత్రి వెనక ఇస్త్రీ గది వెతుక్కుంటూ వెళ్లాడు. పొడుగు గది, ఆవిరి, నాలుగు బల్లలు. గుమ్మం దగ్గర దుప్పట్లు నడుమెత్తున ఉన్నాయి. చివరి బల్ల దగ్గర ఆమె. ఎడం చెయ్యి ముందు నడుస్తోంది, కుడిచేతిలో పెట్టె దాని వెనకాలే వెళ్తోంది.

"రండి మాస్టారూ," అంది ఆశ్చర్యపోకుండా. "కాళ్ల దగ్గర వైరు, చూసుకోండి."

"నీ పేపరు నా చేతికే వచ్చిందమ్మా. చెప్పకూడదు. కానీ యాభై తొమ్మిది."

పెట్టె ఆగింది. ఆమె దాన్ని మడమమీద నిలబెట్టింది.

"పదిహేడో ప్రశ్న?"

"అదే. ఆ మాట లేదు. నువ్వు చెప్పిందే నిజం. అది నేను పుట్టించాను, దొంగని పట్టడానికి. నువ్వు అడిగిన రోజు చెప్పలేక నవ్వించాను. గురువారం దాకా గడువుంది, అప్పుడూ చెప్పలేదు. నిన్న చెప్పాను."

పక్కబల్ల మీద పెట్టె బుస్సుమంది. ఆమె బల్లకింద సొరుగు లాగి నోటుపుస్తకం తీసింది. క్లాసులో ఆమె మూసేసిన పుస్తకమే. అట్టమీద పెట్టె కాలిన మచ్చ. పేజీలు తిప్పుతుంటే మాస్టారికి తలకిందులుగా కనిపించాయి. "నిలకడ: డాక్టరమ్మ, మూడో వార్డు, జ్వరం గురించి." "ఊరట: ముసలాయన, మెట్లమీద, కొడుకు వచ్చాక." "దాపరికం: ఇద్దరు నర్సులు, కాఫీ దగ్గర." పేజీలకి పేజీలు. ప్రతి మాటకీ ఒక మనిషి, ఒక చోటు, ఒక అవసరం. వెయ్యి మాటల జాబితా చేసిన మాస్టారికి, తన జాబితాలో ఒక్క మాట పక్కన కూడా ఒక్క మనిషి లేడని అప్పుడు తట్టింది.

"ఎవరైనా నిజంగా వాడగా వింటేనే రాసుకుంటానండీ," అంది. "వినకుండా రాసుకుంటే నాకు నిలవదు."

పెన్సిలు తడిచేసుకుని, ఖాళీ గీత మీద నిదానంగా రాసింది. "ప్రతూళిక: మాటల మాస్టారు, ఇస్త్రీ గది, శనివారం."

"అప్పుడు అర్థం ఏం చెప్పారండీ దీనికి? పెళ్లికొడుకు గురకని ఏదో."

మాస్టారు నోరు తెరిచాడు. తిరిగి మూసుకుని, ఆమె రాసిన గీత వైపు చూశాడు.

"పోనీండి," అంది ఆమె. "ఎవరన్నారో ఉందిగా, గుర్తుంటుంది."

పుస్తకం సొరుగులో పెట్టి, పెట్టె అందుకుంది. దుప్పటి మీద అరచెయ్యి ఆనించి, అటు చివరిదాకా నెమ్మదిగా జరిపి చూసింది. బల్లమీద ముడత ముడతలాగే ఉంది.

"మాటల్లో పడి చూసుకోలేదు. ఆరిపోయింది," అంది. "ఇక ఇది మాట వినదు."